మెత్తబడిన మూల

డోన్ పాతపేటలో మా వీధి ఇళ్ళకు సగం తలుపులు వడ్ల అయ్యన్న చేసినవే. మా ఇంటి తలుపు కూడా ఆయన చేతి పనే. ఇరవై ఆరేళ్ళయింది. వానాకాలంలో బిగుసుకోదు, ఎండాకాలంలో సందివ్వదు. అయ్యన్న సన్నగా, పొడుగ్గా, కొంచెం వంగి నడిచే మనిషి. మాట తక్కువ. పని ఇమ్మని ఎవరి గడపా తొక్కేవాడు కాదు. "చెయ్యి మంచిదైతే పనే ఇల్లు ఎతుక్కుంటా వస్తాది" అనేవాడు. అది ఆయన పద్ధతి అనుకున్నాం మేమంతా. గర్వం అనుకోలేదు.

ఆయన భార్య హనుమంతమ్మది వేరే స్వభావం. వీధి ఈ చివర మాట్లాడితే ఆ చివరికి వినిపించే గొంతు. పిల్లలు లేరు. ఆయన చిత్రిక పట్టిన చెక్కకు ఉప్పు కాగితం రుద్దడం, నూనె పట్టించడం, మేకులు ఏరి డబ్బాలో వేయడం ఆమె పని. పెళ్ళయిన కొత్తలో తోచక మొదలుపెట్టిందట. పదేళ్ళు తిరిగేసరికి వాసన చూసి ఇది వేప, ఇది మద్ది, ఇది టేకు కాదు టేకని మోసం చేసినారు అని చెప్పేది. అయ్యన్న కట్టె కొనడానికి అడితికి పోతే ఆమె లేకుండా పోయేవాడు కాదు.

కొన్నాళ్ళకు కంపెనీ తలుపులు వచ్చాయి. కొలత చెబితే వారంలో లారీలో దిగుతున్నాయి. చెద పట్టవు, రంగు అడగవు. అయ్యన్న కొలిమి ఆరిన కమ్మరిలా ఇంటి ముందు కూర్చునేవాడు. మంచం కోళ్ళు, విరిగిన కుర్చీలు, పాత అల్మరాలు, అంతే పని.

అట్లాంటి రోజుల్లో, రెండువేల పదహారు ఎండాకాలంలో, కర్నూలు నుంచి ఒకామె ఫోను చేసింది. పేరు సుప్రజ. జూనియర్ కాలేజీలో లెక్చరరు. భర్త రాజశేఖర్‌ది డోన్ దగ్గర పల్లె. సేద్యం వదిలి కర్నూలులో కంకర వ్యాపారంలో కుదురుకున్నాడు. వాళ్ళ వంటింటి అల్మరా తలుపు ఊడిందని పిలిస్తే అయ్యన్న పోయాడు. పని అయ్యాక సుప్రజ ఆయన్ను పెరట్లోకి తీసుకుపోయింది. ఇంటి వెనక గోడ దాకా నల్లటి కడప బండలు పరిచి ఉన్నాయి. 

"అయ్యన్నా, చెప్పులిడిసి ఒక్కసారి కాలు పెట్టు."

పెట్టి, వెంటనే తీశాడు.

"సాయంత్రం ఆరు దాటింది, చూడు. రాత్రి తొమ్మిదైనా ఇట్లనే కాలుతాండాయి. ఇంత పెరడు పెట్టుకోని నాలుగ్గోడల మధ్యన కూలర్ ముందర కూర్చుంటాండాము" అంటూ ఫోనులో ఒక బొమ్మ చూపించింది. ఎక్కడో ఇంటి వెనక, నేలకు కొంచెం ఎత్తున చెక్క పలకల అరుగు. దాని మీద కుర్చీలు. "దీన్ని డెక్ అంటారు. నీకు చేతనైతాదా?"

రాజశేఖర్ వెనకనుంచి నవ్వాడు. "ఊరంతా కట్టెలు తీసి బండలేస్తాంటే, ఈమె బండలు తీసి కట్టెలేయమంటాది. ఏమప్పా అయ్యన్నా, మన ఎండకు నిలుస్తాదా అది?"

"రెండు రోజులు టైమియ్యండి సార్. ఆలోచన చేసి చెప్తా" అన్నాడు అయ్యన్న.

ఆ రెండు రోజులు సిమెంటు సంచి కాగితం మీద పెన్సిలుతో గీస్తూ కూర్చున్నాడు. జీవితమంతా నిలబడే చెక్క పని చేశాడు. తలుపు, కిటికీ, ద్వారబంధం. పడుకోబెట్టే చెక్క పని ఇదే మొదటిసారి. నిలబడిన చెక్క మీద నీళ్ళు జారిపోతాయి. పడుకున్నదాని మీద నిలుస్తాయి. అది ఎట్లా అని తల పట్టుకుంటే హనుమంతమ్మ వచ్చి కాగితం వంక చూసింది.

"దీనికింత ఆలోచన యాలా? ఎద్దులబండి మీది పలకలు ఎప్పుడూ సూడలేదా? సందు సందున ఏస్తారు గదా. ఆ సందుల్లోంచి నీళ్ళు పోతాయి, గాలి వస్తాది."

 అయ్యన్న ఆ కాగితం చింపి ఇంకోటి తీసుకున్నాడు.

కట్టె కోసం ఇద్దరూ పాత కలప అడితికి పోయారు. పల్లెల్లో మిద్దెలు పడగొట్టి ఆర్సీసీ ఇళ్ళు కట్టుకుంటున్నారు కదా, ఆ మిద్దెల దూలాలు అక్కడికే చేరతాయి. వందేళ్ళు మట్టి మోసిన మద్ది దూలాలు. ఇంక ఎండాల్సిన తడి వాటిలో లేదు. హనుమంతమ్మ ఒక్కో దూలం దగ్గర కూర్చుని, వేలి కణుపులతో తట్టి, చెవి పెట్టి విని, ఇది తీసుకో, ఇది వద్దు అని చెప్పింది. 

పని నెల పట్టింది. పెరట్లో సగం మేర బండలు లేపి, చెద ఎక్కకుండా రాతి గుంజలు పాతి, వాటి మీద దూలాలు పెట్టాడు. దూలాల మీద అడ్డపట్టీలు, వాటి మీద ముప్ఫై పలకలు. పలకకూ పలకకూ మధ్య పెన్సిలంత సందు. ఎండకు చెక్క ముడుచుకుంటే మేకు లేచొస్తుందని అంతా మరలే బిగించాడు. ఇంటివైపు నుంచి గోడవైపుకు, కంటికి కనపడనంత వాటం ఇచ్చాడు. రసమట్టం పెట్టి చూస్తే తప్ప తెలియదు. నడిచేవాళ్ళకు నేల సమంగానే ఉంటుంది, నీటికి మాత్రం దారి తెలుస్తుంది. హనుమంతమ్మ ముప్ఫై పలకలకూ నాలుగంచులా ఉప్పు కాగితం పట్టి, అవిసె నూనె మూడుసార్లు పూసింది.

అప్పజెప్పే రోజున అయ్యన్న సుప్రజకు చెప్పాడు. "అమ్మా, కింద గాలి ఆడాల. పైన నీళ్ళు నిలబడకూడదు. సందుల్లో ఆకులు ఇరుక్కుంటే పుల్ల పెట్టి తీయండి. ఏటా మృగశిర ముందర మేమిద్దరం వచ్చి నూనె పట్టిచ్చి పోతాం. ఇంతే. నేను పోయినాక కూడా ఇది ఉంటాది."

ఆ సాయంత్రం అందరూ దాని మీదే కూర్చుని కాఫీ తాగారు. రాజశేఖర్ చెప్పులు విప్పి, కాలు చెక్క మీద ఆనించి, "చల్లగుండాదే!" అని చిన్నపిల్లాడిలా ఆశ్చర్యపోయాడు. వాళ్ళ కూతురు పద్మప్రియకు అప్పుడు ఐదారేళ్ళు. ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తుతూనే ఉంది.

ఆ పని చూసి కర్నూలులో ఇంకో నలుగురు చేయించుకున్నారు. అయ్యన్న బతుకులో మంచి కాలం అదే. మృగశిర కార్తె ముందు పది రోజులు ఆలుమగలు ఇద్దరూ పొద్దున బండికి కర్నూలు పోయి, ఒక్కో ఇల్లు చేసుకుంటూ వచ్చేవాళ్ళు. ఆయన వదులైన మరలు బిగిస్తే, ఆమె పలకలు తట్టి, విని, నూనె పట్టించేది. మధ్యాహ్నం సుప్రజ ఇంట్లో అన్నం. హనుమంతమ్మ గొంతు వినపడితే సుప్రజ కాలేజీ పేపర్లు పక్కన పెట్టి వచ్చి కూర్చునేది. "నువ్వొస్తే ఇంట్లో మనుషులున్నట్ల అనిపిస్తాదమ్మా" అనేది.

మూడేళ్ళు అట్లా గడిచాయి. నాలుగో ఏడు అయ్యన్న ఎప్పటిలాగే మే నెలలో ఫోను చేశాడు.

"ఈసారి వద్దులే అయ్యన్నా" అంది సుప్రజ. "దాని మీద ప్లాస్టిక్ గడ్డి పరిపిచ్చినాము. పచ్చగా బాగుండాది. పద్మకు కాళ్ళల్లో పేళ్ళు గుచ్చుకుంటాండాయంటే ఏపిచ్చినా."

అయ్యన్న ఫోను పట్టుకుని నిలబడిపోయాడు. పేళ్ళు. హనుమంతమ్మ ముప్ఫై పలకలూ అరచేత్తో తడిమి చూసిన చెక్కలో పేళ్ళు. గడ్డి చాప కింద తడి ఆరదని, సందులు మూసుకుపోతాయని, దానికంటే పలకలు ఇంకోసారి రుద్దుకుంటే సరిపోతుందని చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది. చెబితే నూనె పని పోతుందని ఏడుస్తున్నాడనుకుంటుంది, అనుకున్నాడు.

"సరేనమ్మా" అని పెట్టేశాడు.

హనుమంతమ్మ అడిగింది. "ఏమంటాది?"

"గడ్డి ఏసుకున్నారంట. అక్కర్లేదంట."

"గడ్డేంది? కట్టె మీద గడ్డా? నేను మాట్లాడతా, ఫోనియ్యి."

"వద్దు. వాళ్ళిల్లు, వాళ్ళిష్టం. మనం పొయ్యి దేబిరిచ్చినట్లుంటాది."

ఆమె రెండు రోజులు గొణిగి ఊరుకుంది. తర్వాతి ఏడు కరోనా వచ్చింది. ఎవరూ ఎవరింటికీ పోలేదు. మిగిలిన నాలుగు ఇళ్ళవాళ్ళు కూడా ఒక్కొక్కరే పిలవడం మానేశారు.

రెండువేల ఇరవై రెండు మే నెలలో సుప్రజ మళ్ళీ పిలిచింది. స్నానాల గది తలుపు నానిపోయి పట్టుకుంటోందట. హనుమంతమ్మకు ఒంట్లో బాగాలేదు. ఆమెకు షుగరు, ఆ నెలలో బాగా ఎక్కువైంది. అయ్యన్న ఒక్కడే పోయాడు. తలుపు అంచు చిత్రిక పట్టడానికి పెరట్లోకి తెచ్చాడు. 

డెక్ అంతా పచ్చగా ఉంది. దాని మీద, పడకగది కిటికీకి ఆనించి, పెద్ద కూలరు పెట్టారు. కూలరు కింది గొట్టం నుంచి చుక్క చుక్కగా నీళ్ళు కారి గడ్డిలో ఇంకిపోతున్నాయి. ఎన్ని ఎండాకాలాల నుంచి కారుతున్నాయో. అయ్యన్న ఆ మూలకు నడిచి కాలు మోపాడు. 

పాదం కింద చెక్క దిగింది. విరగలేదు, చప్పుడు చేయలేదు. ఉడికిన దుంపను వేలితో నొక్కినట్టు అంతే. ఆయన కాలు అక్కడే ఉంచి, బరువు కొంచెం వేసి, తీశాడు. అనుమానం లేదు. గడ్డి లేపి చూడవలసిన పనే లేదు.

సుప్రజ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన అట్లా ఆగిపోవడం చూసింది. "ఏమన్నా అంటాండావా అయ్యన్నా?"

ఆ క్షణాన్ని ఆయన ఆ తర్వాత ఎన్ని వేలసార్లు తలుచుకున్నాడో లెక్కలేదు. ఆమె అడిగింది. నోరు తెరిచి అడిగింది. చెప్పాలంటే నాలుగు మాటలు. ఆయన మనసులో మాత్రం, పనిలేక వచ్చి ఉన్నదీ లేనిదీ చెబుతున్నాడనుకుంటారేమో అన్న ఒక్క భయమే మెదిలింది. పేళ్ళన్న మాట మూడేళ్ళయినా గుచ్చుకుంటూనే ఉంది. నా చెక్క వద్దనుకున్నారు కదా, చూసుకోనీ, అని కూడా ఒక్క రెప్పపాటు అనిపించింది. అది కూడా ఆయనే తర్వాత చెప్పాడు. దాచుకోలేదు.

"ఏంలేదమ్మా" అన్నాడు.

తలుపు బిగించి, టీ తాగి వచ్చేశాడు. ఇంటికి రాగానే హనుమంతమ్మ మంచం మీద నుంచే అడిగింది. "మన కట్టెలు ఎట్లుండాయి? సూసినావా?"

"బాగుండాయి" అన్నాడు.

మరుసటి ఏడు మే నెలలో పద్మప్రియకు ఓణీల పండుగ చేశారు. సుప్రజ స్వయంగా ఫోను చేసి పిలిచింది. "అయ్యన్న రాకపోయినా పర్వాలేదు, నువ్వు మాత్రం రావాల హనుమంతమ్మా. నీకు చీర పెడతాండా" అంది. అప్పటికి హనుమంతమ్మ షుగరు కొంచెం అదుపులోకి వచ్చింది. పెట్టెలోంచి కుంకుమరంగు పట్టుచీర తీసి కట్టుకుంది. రైల్లో దారిపొడుగునా మాట్లాడుతూనే ఉంది.

ఇంటి ముందు షామియానా వేసి భోజనాలు పెట్టారు. అయ్యన్న రెండో పంక్తిలో కూర్చున్నాడు. హనుమంతమ్మ పిల్ల తలమీద అక్షింతలు వేసి, సుప్రజ పెట్టిన చీర తీసుకుని, చేతులు కడుక్కోవడానికి పెరటివైపు పోయింది. అయ్యన్న ముద్ద కలుపుతూ చూశాడు. ఆమె పోతున్నది ఎటో తెలిసింది. లేవబోయాడు. అప్పుడే వడ్డించేవాడు ఆకులో పాయసం పోస్తూ, "కూర్చోప్పా, యాడికి?" అన్నాడు. ఆకు ముందు నుంచి లేస్తే బాగుండదని మళ్ళీ కూర్చున్నాడు. ఆ మూలకే ఎందుకు పోతుందిలే, అనుకున్నాడు.

ఆమె ఆ మూలకే పోయింది. కిటికీ గోడపక్కన గడ్డి చాప అంచు కొంచెం లేచి ఉంటే, దాన్ని ఎత్తి, ఐదేళ్ళుగా చూడని తన పలకలను చూసుకోవాలని పోయింది. ఇది ఆమే తర్వాత చెప్పింది.

చప్పుడు షామియానా దాకా వినపడింది. ఏదో వంట పాత్ర పడిందనుకున్నారు అందరూ. అయ్యన్నకు అది ఏమిటో తెలుసు. ఎంగిలి చేత్తో పరుగెత్తాడు.

హనుమంతమ్మ కుడికాలు తొడ దాకా చెక్కలో దిగిపోయింది. ఒళ్ళు పక్కకు ఒరిగింది. తుంటి దగ్గర కాలు ఉండవలసిన తీరులో లేదు. అంత గొంతు గల మనిషి కేక వేయలేదు, నోరు తెరుచుకుని గాలి పీల్చుకుంటోంది. అయ్యన్న మోకాళ్ళమీద కూలబడ్డాడు. ఆయన చూపు ముందు పోయింది ఆమె ముఖం మీదికి కాదు, విరిగిన పలక అంచు మీదికి. నానిన అటుకుల్లా పొరలు పొరలుగా ఊడిన చెక్క. ఎంతవరకు పాడైందో కొలుచుకుంటోంది ఆయన కన్ను. తర్వాతే భార్య వైపు తిరిగాడు. ఆ రెండు మూడు క్షణాల్ని ఆయన తనకు తాను ఎప్పటికీ క్షమించుకోలేదు.

రాజశేఖర్ తన కార్లోనే ఆసుపత్రికి తీసుకుపోయాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఖర్చంతా రాజశేఖరే చూసుకున్నాడు, అయ్యన్న అడగకుండానే. వారం తర్వాత, "సార్, ఆ డెక్ నేనే విప్పేస్తా" అంటే సరేనన్నాడు. 

అయ్యన్న ఒక్కడే రెండు రోజులు కూర్చుని విప్పాడు. గడ్డి చాప లేపితే కింద నుంచి బురద వాసన వచ్చింది. ముప్ఫై పలకల్లో నాలుగే చెడిపోయాయి. ఆ నాలుగింటి కిందున్న దూలం ఒక కొస గుల్లబారింది. మిగతా ఇరవై ఆరు పలకలు మొదటి రోజు ఎట్లా ఉన్నాయో అట్లాగే గట్టిగా ఉన్నాయి. నాలుగు పలకలు మార్చడానికి ఒక పూట చాలు. ఆ ఇరవై ఆరింటినీ వరసగా పేర్చి వాటి ముందు కూర్చున్నాడు.

రాజశేఖర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "నీ తప్పేముందప్పా. గడ్డేసింది మేము, కూలర్ పెట్టింది మేము. నువ్వు నీళ్ళు నిలబడకూడదని ఆ పొద్దే చెప్పినావు. సుప్రజ అన్నం కూడా సరిగా తినడంలే."

అయ్యన్న తలెత్తకుండా విప్పిన మరలు ఏరి డబ్బాలో వేశాడు.

హనుమంతమ్మను డోన్ తెచ్చుకున్నాం. మా వీధిలో ఆడవాళ్ళంతా వంతులవారీగా పోయి చూసేవాళ్ళు. షుగరు వల్ల కుట్ల దగ్గర పుండు మానలేదు. నడవలేకపోయింది. పడక మీద ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుని, గోడ వైపు చూస్తూ రోజంతా సుప్రజను తిట్టేది. 

"కట్టె మీద గడ్డి పరిచింది, చదువుకున్న ముండ. బంగారం అట్లాంటి పలకలు. నా చేతులతో రుద్దినా. కుళ్ళబెట్టింది, నన్నూ కుళ్ళబెట్టింది."

సుప్రజ నెలకోసారి పండ్లు, మందులు పట్టుకుని వచ్చేది. హనుమంతమ్మ ఆమె వైపు తిరిగేది కాదు. సుప్రజ మంచం పక్క స్టూలు మీద పావుగంట కూర్చుని, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయేది. ఒకసారి మా గుమ్మం ముందు నిలబడి, "ఆమె తిట్టినా బాగుండు, నా ముఖాన తిట్టదు" అంది మా ఆవిడతో. అయ్యన్న ఆమెను రైల్వేస్టేషన్ దాకా దింపి వచ్చేవాడు.

ఇది ఏడు నెలలు సాగింది. డిసెంబరులో ఒక మధ్యాహ్నం సుప్రజ వచ్చి పోయాక, హనుమంతమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. సుప్రజ బిడ్డ కాలు ఇట్లనే విరగాలని శపించింది. అయ్యన్న గంజి గిన్నె కింద పెట్టాడు.

"ఆయమ్మను అనొద్దే" అన్నాడు. 

"యాల అనగూడదు?"

"నాకు తెలుసు. ఆ మూల మెత్తబడిందని ముందే తెలుసు. తలుపు పనికి పోయినప్పుడు కాలు పెట్టి చూసినా. దిగింది. ఆయమ్మ అడిగింది గూడా, ఏమన్నా అంటాండావా అని. నేను చెప్పలే."

హనుమంతమ్మ మెల్లగా ఇటు తిరిగింది. తిరగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

"నాకు బాగుండాయని చెప్తివే."

"చెప్పినా."

"ఎందుకు?"

ఆయన దగ్గర జవాబు ఉంది. కానీ అది పైకి చెప్పేంత పెద్దది కాదు. "పని అడుక్కుంటాండానని అనుకుంటారేమోనని" అన్నాడు.

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఆయన ముఖాన్ని, ముందెప్పుడూ చూడని మనిషి ముఖాన్ని చూసినట్టు చూసి, మళ్ళీ గోడ వైపు తిరిగింది. 

మరునాడు మా ఆవిడను పిలిపించుకుని, "సుప్రజమ్మకు ఫోన్ చేసి రమ్మను" అంది. సుప్రజ పరుగెత్తుకుంటూ వచ్చింది. హనుమంతమ్మ ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "నిన్ను శానా మాటలన్నా తల్లీ. పాపం తగులుతాది నాకు. పద్మ బాగుండాల" అంది. సుప్రజ ఏమీ అర్థం కాక ఏడ్చింది. ఎందుకు మనసు మారిందో హనుమంతమ్మ చెప్పలేదు. గుమ్మంలో నిలబడ్డ అయ్యన్న నోరు తెరిచాడు. హనుమంతమ్మ ఆయన వైపు చూడకుండానే, "ఇప్పుడు నీకు మాటొస్తాదా? వద్దులే" అంది.

ఆ తర్వాత ఆమె ఇంకో మూడు నెలలు బతికింది. భర్తతో మాట్లాడిందల్లా నీళ్ళు, మాత్ర, దుప్పటి, లైటు తియ్యి. మేం పోతే మాతో మాట్లాడేది, నవ్వేది కూడా. ఆయన లోపలికి వస్తే నోరు కట్టేసుకునేది. ఆయన ఆమె ఒళ్ళు తుడిచేవాడు, పుండు కడిగేవాడు, తల దువ్వేవాడు. ఆమె వద్దనలేదు, కావాలనలేదు. ఒకసారి ఆయన పెరట్లో, కర్నూలు నుంచి తెచ్చుకున్న మంచి పలకలతో చిన్న అరుగు చేశాడు. మంచం నుంచి ఎత్తి దాని మీద కూర్చోబెడితే ఎండ తగులుతుందని. దుప్పటి పరిచి, ఆమె దగ్గరకొచ్చి, చేతులు చాచాడు. 

"చెక్క మీద కూర్చోను" అంది ఆమె. ఆ మూడు నెలల్లో అవసరాలకు మించి ఆమె ఆయనతో అన్న మాట అదొక్కటే.

మార్చి నెలలో పుండు విషం ఒళ్ళంతా పాకి హనుమంతమ్మ పోయింది. సుప్రజ, రాజశేఖర్, పద్మప్రియ ముగ్గురూ వచ్చారు. దినాలన్నీ అయ్యాక, అయ్యన్న సుప్రజకు అంతా చెప్పాడు. ఆమె, "ఆ పొద్దు నేను అడిగినా గదా అయ్యన్నా" అని మాత్రం అని కారెక్కింది. మళ్ళీ డోన్ రాలేదు.

ఆ చిన్న అరుగు పలకల్ని అయ్యన్న పొయ్యి కిందికి పెట్టాడు. మద్ది కట్టె, అంత తొందరగా కాలలేదు. వారం పైగా వాటితోనే అన్నం వండుకున్నాడు.

ఇప్పుడు గురువారం గురువారం పొద్దున బండికి కర్నూలు పోతున్నాడు. ఆయన చేసిన డెక్కులు ఇంకా నాలుగు ఇళ్ళల్లో ఉండాలి. ఒకటి పీకేసి టైల్స్ వేశారు. ఒక ఇల్లు చేతులు మారింది, కొత్తవాళ్ళు గేటు తీయరు. ఇంకో ఇంట్లో ఒక ముసలాయన లోపలికి రానిచ్చి, పలకలన్నీ చూడనిచ్చి, మంచినీళ్ళిచ్చి పంపాడు. ఆ ఒక్కచోటే పని సాగింది. 

నాలుగోది ఓబుళేశు అనే ఆయన ఇల్లు. ఆయన మిల్లు ఓనరు. అయ్యన్న పోయి, "సార్, మీ పెరట్లో డెక్ నేనే చేసినా. గడప పక్కనుండే పలకలు మెత్తబడింటాయి. పిల్లలు తిరిగే చోటు. ఒకసారి చూస్తా" అన్నాడట.

ఓబుళేశు ఆయన్ను కిందికీ పైకీ చూశాడు. "పన్లేమీ లేనట్లుండాయే. ఎంతడుగుతావు?"

"దుడ్లు వద్దు సార్. చూసి చెప్పి పోతా, అంతే."

"ఊరికే ఎవరు చేస్తారప్పా ఈ కాలంలో? పో, అవసరమైతే పిలుస్తాం."

ఏ మాట అనిపించుకోవలసి వస్తుందని ఆ రోజు నోరు మూసుకున్నాడో, ఆ మాటే అనిపించుకున్నాడు. ఏమీ కాలేదు. రోడ్డు మీద ఆటోలు పోతూనే ఉన్నాయి. గేటు పక్కన నిలబడి, ఇంతేనా, అనుకున్నానని నాతో చెప్పాడు. నేను ఏదో ధైర్యం చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టాడు.

ఆ తర్వాత వారం కూడా ఓబుళేశు ఇంటికి పోయాడు, ఆ తర్వాతి వారమూ పోయాడు. వాచ్‌మన్ ఇప్పుడు ఆయన్ను దూరం నుంచి చూసే గేటు గొళ్ళెం వేస్తాడట. మా వీధిలో కొందరు ఆయనకు మతి చలించిందంటున్నారు. నాకు అట్లా అనిపించదు. మా ఆవిడ ఆయనకు పొద్దున రెండు జొన్న రొట్టెలు పంపుతుంది. గురువారమైతే వాటిని కాగితంలో చుట్టుకుని స్టేషన్‌కు పోతాడు. సాయంత్రం బండికి వచ్చి, తాళం తీసుకుని, దీపం కూడా వేయకుండా లోపల కూర్చుంటాడు.